మొదటి పది పౌండ్లు పెట్టే ముందు

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. కోవెంట్రీలో ఎంఎస్సీ చేస్తున్నావు, వేర్‌హౌస్‌లో వారానికి 20 గంటలు పని చేస్తున్నావు. నీతో ఉండే ముగ్గురూ ఐపీఎల్ మ్యాచ్‌ల మీద ఫోన్లో బెట్లు పెడుతున్నారు. అందులో ఒకతనికి ఒక్క బెట్‌తో 180 పౌండ్లు వచ్చాయి. "ఇక్కడ లీగల్ కదా అక్కా, బాధ్యతగా మొదలుపెట్టాలంటే ఎంతతో, ఎలా, దేని మీద?" అన్నావు. విజయవాడలో ఉన్న మీ బావ తన తరఫున కూడా పెట్టమంటున్నాడు, పెట్టొచ్చా అన్నది రెండో ప్రశ్న.

నేను లెస్టర్‌లో ఒక బెట్టింగ్ షాపు కౌంటర్లో నాలుగేళ్లు పనిచేశాను. తర్వాత ఏడేళ్లు ఒక ఆన్‌లైన్ కంపెనీలో, మితిమీరి ఆడుతున్నవాళ్ల అకౌంట్లు చూసి వాళ్లకి ఫోన్ చేసే టీమ్‌లో ఉన్నాను. డబ్బు తీసుకునే వైపు కూర్చుని చూసిందే నీకు చెప్తున్నాను.

నువ్వు రాసినదాంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతిని మధ్యలో ఎక్కడో అరవాక్యంలో తేల్చేశావు: నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తీశారు, ఫీజులో రెండో ఇన్‌స్టాల్‌మెంట్ ఇంకా కట్టాలి. ఎంతతో మొదలుపెట్టాలి అన్నదానికి నా జవాబు ఆ మాటలోనే ఉంది. ఆ ఇన్‌స్టాల్‌మెంట్ కట్టేదాకా సున్నా. పది పౌండ్లు కాదు, ఐదు కాదు, కంపెనీ ఫ్రీగా ఇచ్చే బెట్ కూడా వద్దు.

ఎందుకంటే ఇక్కడ మన పిల్లల్లో ఎక్కువమందికి ఉండేది ఒకటే బ్యాంకు అకౌంటు. ఫీజు డబ్బు, రెంటు, జీతం అన్నీ అందులోనే. రాత్రి పూట డిపాజిట్ బటన్ నొక్కినప్పుడు ఆ 20 పౌండ్లు నీ జీతంలోంచి వెళ్లాయా, నాన్న పంపినదాంట్లోంచి వెళ్లాయా అన్నది నువ్వు కూడా చెప్పలేవు.

ఒక ఫోన్ కాల్ గురించి చెప్తాను. ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను. ఒక అకౌంట్ మా స్క్రీన్ మీదకి వచ్చింది. తెలుగు ఇంటిపేరు, వయసు 23. రాత్రి 2.10కి 20 పౌండ్లు, 2.14కి 20, 2.19కి 50, 2.31కి 100. ఐపీఎల్ మ్యాచ్ ఇక్కడ మధ్యాహ్నం మూడింటికి మొదలై సాయంత్రం ఏడు లోపు అయిపోతుంది. మరి రాత్రి రెండింటికి ఏం ఆడుతున్నాడని చూస్తే, ఎక్కడో జరుగుతున్న చిన్న టెన్నిస్ టోర్నమెంటు. ఆ ఆటగాళ్ల పేర్లు అతను అంతకు ముందు విని ఉండడు. మర్నాడు ఫోన్ చేశాను. రూల్ ప్రకారం ఇంగ్లీషులోనే అడగాలి, అడిగాను. అన్నిటికీ "ఐ యామ్ ఫైన్, నో ప్రాబ్లమ్" అన్నాడు. వెనకాల కుక్కర్ విజిల్ వినిపించింది. ఎవరో "పప్పు దించరా" అన్నారు. నేను ఉండబట్టలేక "తెలుగువాళ్లా బాబూ?" అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చిన్నగా "నాన్నకి ఎలా చెప్పాలి అక్కా" అన్నాడు. రెండో ఇన్‌స్టాల్‌మెంట్ కోసం ఇంటి నుంచి వచ్చిన డబ్బులో మూడొంతులు ఆరు వారాల్లో పోయింది. మొదలైంది మాత్రం ఐపీఎల్ మీద ఐదు పౌండ్ల బెట్‌తోనే.

ఆ అబ్బాయి తెలివితక్కువవాడేమీ కాదు. లెక్కలు నీకన్నా నాకన్నా బాగా వచ్చినవాడే. పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకోకపోతే ఇంట్లో మొహం చూపించలేననే భయమే అతన్ని టెన్నిస్ దాకా తీసుకెళ్లింది. అప్పు తెచ్చిన డబ్బు చేతిలో ఉన్నవాడికి ఆ భయం మొదటి బెట్ నుంచే వెంట ఉంటుంది. అందుకే నీకు సున్నా అంటున్నాను.

ఇక ఫీజు కట్టేసి, రెంటు పోగా చేతిలో నీ సొంత సంపాదన కాస్త మిగిలిన రోజు వచ్చిందనుకుందాం. అప్పుడు కూడా ఆడకుండా ఉండటమే మేలని నా అభిప్రాయం. అయినా ఆడతానంటే లోపల లెక్క ఎలా నడుస్తుందో తెలిసి ఆడు.

ఒక మ్యాచ్‌లో రెండు జట్లూ సరిసమానం అనుకో. నిజానికి ఒక్కో జట్టుకి రేటు 2.00 ఉండాలి. అంటే పది పెడితే ఇరవై రావాలి. కానీ సైట్‌లో రెండింటికీ 1.90 కనిపిస్తుంది. మన దగ్గర బుకీలు రూపాయికి 90 పైసలు అనే రేటు ఇదే. పది పెట్టి గెలిస్తే చేతికి 19 వస్తుంది. ఆ తగ్గిన పౌండే కంపెనీ వాటా. ఒకటిని 1.90తో భాగించు, 52.6 శాతం వస్తుంది. రెండు జట్లవీ కలిపితే 105.2. వందకి మించి ఉన్న ఆ ఐదు చిల్లరే దుకాణం అద్దె అనుకో, మా జీతాలు అనుకో, నువ్వు టీవీలో చూసే ప్రకటన అనుకో. 1.90 రేటు దగ్గర నువ్వు లాభం లేకుండా, నష్టం లేకుండా నిలబడాలన్నా వందలో దాదాపు 53 సార్లు కరెక్ట్‌గా చెప్పాలి. ఆ రేటు వేసేవాళ్లు రోజంతా అదే పనిలో ఉంటారు. పిచ్ రిపోర్టు, టాస్, గాయాలు, అన్నీ నీకన్నా ముందే వాళ్ల మోడల్‌లోకి వెళ్లిపోతాయి.

ఏ మ్యాచ్ తెరిచినా ఈ భాగహారం ఒకసారి చేసి చూడు. టీ20లో ఎవరు గెలుస్తారన్న మార్కెట్లో కంపెనీ వాటా తక్కువ. టాప్ బ్యాట్స్‌మన్ ఎవరు, తర్వాతి ఓవర్లో ఎన్ని పరుగులు, మొదటి వికెట్ ఎలా పడుతుంది లాంటివాటిలో ఆ వాటా ఎక్కువ. మనవాళ్లకి సరదాగా అనిపించేవి కూడా అవే. టాప్ బ్యాట్స్‌మన్ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఇద్దరు సమానంగా 54 కొట్టారనుకో, నీ బెట్ సగానికే లెక్కవుతుంది. 5.00 రేటుకి నాలుగు పౌండ్లు పెడితే 20 రావాల్సింది పదే వస్తుంది. షాపులో దీని మీద నాతో గొడవపడనివాడు లేడు. రూల్స్ పేజీలో అది ముందు నుంచీ ఉంటుంది, చదివినవాళ్లే తక్కువ.

మీ ఫ్రెండ్‌కి 180 వచ్చిందన్నావు. ఐదారు మ్యాచ్‌లు కలిపి, అన్నీ గెలిస్తేనే డబ్బు వచ్చే బెట్ అయి ఉంటుంది. ఇక్కడ దాన్ని అక్యుమ్యులేటర్ అంటారు, షాపులో అందరూ 'యాకా' అనేస్తారు. చిన్న మొత్తానికి పెద్ద మొత్తం కనిపిస్తుంది కాబట్టి ఆకర్షణ ఎక్కువ. 1.90 రేటున్న ఐదు మ్యాచ్‌లు కలిపితే రేటు 24.76 అవుతుంది. ఆ ఐదూ సరిసమానమైన మ్యాచ్‌లే అయితే నిజమైన రేటు 32 ఉండాలి. ఒక్క మ్యాచ్ మీద కంపెనీ వందకి ఐదు పౌండ్లు మిగుల్చుకుంటే, ఐదు కలిపిన దాని మీద దాదాపు 23 పౌండ్లు మిగుల్చుకుంటుంది. కంపెనీలు యాప్‌లో మొదటి పేజీలో దాన్నే పెట్టి, పైగా బోనస్ కూడా ఎందుకిస్తాయో అర్థమైంది కదా. అతన్ని 180 గురించి కాకుండా, ఈ సీజన్ మొత్తంలో డిపాజిట్ ఎంత, విత్‌డ్రా ఎంత అని అడుగు. అకౌంట్ హిస్టరీలో రెండు నిమిషాల్లో దొరుకుతుంది. నా అనుభవంలో ఆ అంకె చూడమంటే చాలామంది ఫోన్ పక్కన పెట్టేస్తారు.

ఇంకో విషయం మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మన ఇంజినీరింగ్ పిల్లలు ఇందులోనే పడతారు. ఓడితే రెట్టింపు పెట్టడం. "ఎప్పటికైనా ఒకసారి గెలుస్తాను కదా, గెలిస్తే పోయిందంతా వస్తుంది" అని. కాగితం మీద వేసి చూద్దాం. రెండు పౌండ్లతో మొదలుపెట్టి ఆరు సార్లు వరసగా ఓడావు. 2, 4, 8, 16, 32, 64. మొత్తం 126 పోయింది. ఏడోసారి 128 పెట్టాలి. అంటే రెండు పౌండ్ల ఆట ఆడుతున్నానని అనుకుంటూ దాదాపు నీ వారం జీతమంత, 254 పౌండ్లు, బల్ల మీద పెట్టావు. సరే, ఏడోసారి గెలిచావు. 1.90 రేటుకి 128 మీద లాభం 115 పౌండ్ల 20 పెన్నీలు. పోయింది 126. గెలిచాక కూడా పదకొండు పౌండ్ల దగ్గర నష్టమే. ఆరు ఓటములు వరసగా ఎక్కడ వస్తాయిలే అనుకుంటావు. బొమ్మా బొరుసూ వంద సార్లు వేసి చూడు. అందులో ఎక్కడో ఒకచోట ఆరు బొరుసులు వరసగా పడే అవకాశం సగం కన్నా ఎక్కువే. ఒక సీజన్‌లో వంద బెట్లు అనేది పెద్ద సంఖ్య కూడా కాదు.

మ్యాచ్ నడుస్తుండగా పెట్టే బెట్లు, ఇన్‌ప్లే అంటారు, వాటి జోలికి అసలు వెళ్లకు. నేను చూసిన చెడిపోయిన అకౌంట్లలో చాలావరకు ఇన్‌ప్లే దగ్గరే చెడ్డాయి. నువ్వు ఫోన్లో చూసే బంతి గ్రౌండ్‌లో అప్పటికే పడిపోయి ఉంటుంది. స్ట్రీమింగ్ కొన్నిసార్లు అర నిమిషం వెనక ఉంటుంది. కంపెనీ దగ్గరకి వచ్చే డేటా నీకన్నా ముందుంటుంది. పైగా నువ్వు బెట్ నొక్కాక వాళ్లు కొన్ని సెకన్లు ఆపి, ఈలోపు వికెట్ పడితే తిరస్కరిస్తారు. అన్యాయం అనిపించినా అది రూల్స్‌లో రాసి ఉన్నదే. దానికన్నా పెద్ద సంగతి, ప్రతి ఓవర్‌కీ ఒక కొత్త నిర్ణయం నీ ముందుకొస్తుంది. మ్యాచ్‌కి ముందు ఒక బెట్ పెట్టి చూసేవాడికి మూడున్నర గంటల్లో ఒకసారి టెన్షన్. ఇన్‌ప్లే వాడికి నలభై ఓవర్లూ టెన్షనే. క్యాష్ అవుట్ బటన్ కూడా ఇందులో భాగమే. మధ్యలో నీ బెట్‌ని వాళ్లే తిరిగి కొంటున్నారన్నమాట, ఆ కొనే రేటులో వాళ్ల వాటా ఇంకోసారి కలిసి ఉంటుంది.

ఇప్పుడు చట్టం సంగతి. ఇక్కడ 18 ఏళ్లు నిండినవాళ్లకి లీగలే. 1961 మే నుంచి ఈ దేశంలో వీధి వీధికీ బెట్టింగ్ షాపులు ఉన్నాయి. ఇప్పుడు అన్నిటినీ 2005 గ్యాంబ్లింగ్ చట్టం కింద గ్యాంబ్లింగ్ కమిషన్ చూస్తుంది, ఆఫీసు బర్మింగ్‌హామ్‌లో, మీకు దగ్గరే. గెలిచిన డబ్బు మీద ఇక్కడ ఆటగాడు టాక్స్ కట్టక్కర్లేదు, కంపెనీ కడుతుంది. సైట్ అడుగున కమిషన్ లైసెన్స్ నంబర్ ఉంటుంది. దాన్ని కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లో కొట్టి, కంపెనీ పేరూ సైట్ అడ్రసూ రెండూ కలుస్తున్నాయో లేదో చూడాలి. బొమ్మ చూసి నమ్మకు, లోగో ఎవరైనా అతికించుకోగలరు.

లైసెన్స్ ఉన్న సైట్ ఎలా ఉంటుందో గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. నీ పేరు, పుట్టినతేదీ, అడ్రసు సరిచూసుకోకుండా ఆడనివ్వదు. క్రెడిట్ కార్డు తీసుకోదు, 2020 ఏప్రిల్ 14 నుంచి అది నిషేధం. మొదటి డిపాజిట్‌కి ముందు నీ లిమిట్ ఎంతో పెట్టుకోమని అడుగుతుంది. క్రిప్టో పంపమన్నా, వాట్సాప్‌లో బెట్టింగ్ ఐడీ ఇస్తామన్నా, టెలిగ్రామ్‌లో "రేపటి మ్యాచ్ ఫిక్స్" అన్నా, అక్కడితో ఆపేయాలి. ఫిక్స్ అయిన మ్యాచ్ సంగతి తెలిసినవాడు దాన్ని నీకు ఐదు వందల రూపాయలకి అమ్మడు. వాడు సగంమందికి ఒక జట్టు పేరు, సగంమందికి ఇంకో జట్టు పేరు పంపుతాడు. గెలిచిన సగంమంది వాడిని దేవుడనుకుంటారు.

ఫ్రీ బెట్ గురించి ఒక్క మాట. పది పౌండ్ల ఫ్రీ బెట్‌ని 2.00 రేటుకి పెట్టి గెలిస్తే ఇరవై రాదు, పదే వస్తుంది, ఎందుకంటే ఆ పెట్టుబడి వెనక్కి ఇవ్వరు. బోనస్ విత్‌డ్రా చేయాలంటే దాన్ని ఎన్నిసార్లు తిప్పాలో, అంటే దానికి ఎన్ని రెట్ల మొత్తం బెట్లు పెట్టాలో, షరతు ఉంటుంది. ఒకప్పుడు ముప్పై, నలభై రెట్లు ఉండేవి. 2026 జనవరి నుంచి కమిషన్ దాన్ని పది రెట్లకి మించకూడదంది. మంచి మార్పే, కానీ పది రెట్లు తిప్పడం కూడా నీకు అలవాటు చేయడానికి సరిపోతుంది.

ఇక ఆడే పద్ధతి. నెలకి సినిమాకో బయట బిర్యానీకో ఎంత ఖర్చు పెడతావో అంత, అంతకు మించి వద్దు. నీ సంపాదనకి పది పౌండ్లు సరిపోతాయి. ఆ పదీ తిరిగి రావనుకుని పక్కన పెట్టు. వస్తే మంచిదే. వారానికి ఒక మ్యాచ్, మ్యాచ్‌కి ముందు, రెండు పౌండ్లు. గెలిచినా రెండే, ఓడినా రెండే. అకౌంట్ తెరిచిన రోజునే డిపాజిట్ లిమిట్ నెలకి పది అని పెట్టేయి. తగ్గించుకుంటే వెంటనే అమల్లోకి వస్తుంది, పెంచుకోవాలంటే కనీసం 24 గంటలు ఆగి మళ్లీ ఒప్పుకోవాలి. ఆ 24 గంటలే చాలామందిని కాపాడటం నేను చూశాను. కార్డు వివరాలు యాప్‌లో సేవ్ చేయకు. నోటిఫికేషన్లు ఆపేయి, "మీ కోసం ప్రత్యేక ఆఫర్" ఈమెయిళ్లకి టిక్ తీసేయి. అదే సైట్‌లో క్యాసినో, స్లాట్ల (బొమ్మల చక్రాలు తిప్పే ఆటల) ట్యాబ్ పక్కనే ఉంటుంది, అటు వెళ్లకు. స్లాట్ల మీద 18 నుంచి 24 ఏళ్లవాళ్లకి ఒక్క తిప్పుకి రెండు పౌండ్లకి మించకూడదని 2025 మే నుంచి నియమం పెట్టారంటేనే, మీ వయసువాళ్లకి అది ఎంత ప్రమాదమో ప్రభుత్వానికి తెలుసని అర్థం.

ఒక పుస్తకం పెట్టు. నిజం పుస్తకం, యాప్ కాదు. తేదీ, పెట్టింది, వచ్చింది, ఆ టైమ్‌కి ఎక్కడున్నావు. షాపుకి రోజూ వచ్చే ఒక ముసలాయన ఉండేవాడు, రిటైరైన బస్సు డ్రైవరు. శనివారాల్లో ఐదు పౌండ్లు, గుర్రాల మీద. ప్రతిదీ ఒక చిన్న నీలం నోటుబుక్‌లో షాపు పెన్సిల్‌తో రాసుకునేవాడు. ఏడాది చివర నాకు చూపించాడు, మొత్తం 61 పౌండ్లు నష్టం. "నా టీ ఖర్చు" అన్నాడు. నాలుగేళ్లలో నేను చూసినవాళ్లలో నిజంగా బాధ్యతగా ఆడినవాళ్లెవరని అడిగితే నాకు ముందు ఆయనే గుర్తొస్తాడు. ఆయన మిగతా రోజుల్లో కూడా వచ్చేవాడు, టీవీలో రేసులు చూసి, ఏమీ పెట్టకుండా వెళ్లిపోయేవాడు. ఏమీ పెట్టకుండా మ్యాచ్ చూడలేకపోతున్నావా అన్నది నిన్ను నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న.

రెండోది, ఎంత పోయిందో ఎవరికైనా తగ్గించి చెప్పావా. మూడోది, తెలియని ఆట మీద పెట్టావా. ఈ మూడిట్లో ఒక్కదానికి అవునని వచ్చినా ఆ రోజే ఆపాలి, నెలాఖరు దాకా ఆగకూడదు. ఆపడానికి ఇక్కడ మంచి ఏర్పాట్లున్నాయి, కానీ మన పిల్లలకి వాటి సంగతి తెలియదు. గామ్‌స్టాప్ అని ఒకటుంది, ఉచితం. అందులో పేరు నమోదు చేసుకుంటే లైసెన్స్ ఉన్న ఆన్‌లైన్ సైట్లన్నీ నిన్ను ఆపేయాలి. ఆరు నెలలు, ఏడాది, ఐదేళ్లు అని ఎంచుకోవచ్చు. ఆ గడువు తీరేదాకా నువ్వు బతిమాలినా తీయరు. దానికి తోడు నీ బ్యాంకు యాప్‌లో గ్యాంబ్లింగ్ బ్లాక్ ఆన్ చెయ్యి. కొన్ని బ్యాంకుల్లో అది తీసేయాలంటే 48 గంటలు ఆగాలి. ఒకటి చాలదు, రెండూ పెట్టాలి, ఎందుకంటే లైసెన్స్ లేని సైట్లని గామ్‌స్టాప్ ఆపలేదు.

మాట్లాడటానికి నేషనల్ గ్యాంబ్లింగ్ హెల్ప్‌లైన్ 0808 8020 133, ఉచితం, రోజంతా ఉంటుంది. ఇంగ్లీషులో చెప్పుకోవడం కష్టమైతే ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చు. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్‌కి జూదం కోసమే ప్రత్యేకంగా క్లినిక్‌లు ఉన్నాయి, డాక్టరు చీటీ లేకుండా నేరుగా నువ్వే వెళ్లొచ్చు. ఫోన్ చేస్తే వీసా పోతుందని ఒక అబ్బాయి నాలుగు నెలలు భయపడి దాచుకున్నాడు. అది ఆరోగ్యానికి సంబంధించిన సాయం, వీసాకి దానితో సంబంధం లేదు. ఫీజు డబ్బు ఇప్పటికే పోగొట్టుకున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇంకో బెట్ కన్నా ముందు యూనివర్సిటీలో స్టూడెంట్ సపోర్ట్ దగ్గరకి వెళ్లండి. గడువు దాటకముందే వెళ్లి చెప్తే వాయిదా గురించి మాట్లాడే వీలు ఉంటుంది, దాటాక కష్టం. నేను ఫోన్ చేసిన అబ్బాయి అలాగే వెళ్లాడు. తర్వాత వాళ్ల నాన్నకి కూడా చెప్పాడు. ఆయన అరవలేదట, "నువ్వు బాగున్నావా" అని మాత్రం అడిగారట.

మీ బావ విషయం. పెట్టకు. నీ అకౌంట్ నువ్వు మాత్రమే వాడాలన్నది కంపెనీ షరతు. వేరేవాళ్ల డబ్బుతో ఆడుతున్నట్టు తెలిస్తే అకౌంట్ ఆపేసి ప్రశ్నలు అడుగుతారు. అంతకన్నా పెద్ద చిక్కు బ్యాంకు దగ్గర. ఎవరెవరి దగ్గర్నుంచో డబ్బు వచ్చి, బెట్టింగ్ సైట్‌కి వెళ్లి, మళ్లీ వచ్చి, ఇంకెవరికో పోతుంటే, బ్యాంకు కళ్లకి అది మనీ లాండరింగ్ లాగే కనిపిస్తుంది. అకౌంట్ మూసేసి, సిఫాస్ అనే మోసాల డేటాబేస్‌లో పేరు చేర్చారంటే అది ఆరేళ్ల దాకా ఉంటుంది. కొత్త అకౌంట్, ఫోన్ కాంట్రాక్ట్, కొన్ని ఉద్యోగాలు, అన్నిట్లో అడ్డుపడుతుంది. పోస్ట్ స్టడీ వీసా మీద ఉద్యోగం వెతుక్కోబోతున్నవాడివి, ఆ మచ్చ నీకెందుకు?

ఆయన వైపు చూసినా అది నేరమే. ఆన్‌లైన్ పందేలని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలు సవరించి నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ కలిపి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధ చట్టం చేసింది. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. లాటరీ టికెట్లు, ఫుట్‌బాల్ పూల్స్ లాంటివాటి కోసం ఇండియా నుంచి డబ్బు బయటికి పంపడాన్ని ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం, నియమాలు 2000 నుంచీ ఒప్పుకోవు. "ఖర్చులకి పంపుతున్నా" అని రాసి పంపిస్తే రేపు ప్రశ్న మీ ఇద్దరికీ వస్తుంది.

వద్దని చెప్పడం కష్టమని నాకు తెలుసు, అక్క మొగుడు కదా. "నా బ్యాంకు అకౌంట్ పోతుంది బావా, చదువు ఆగిపోతుంది" అను. అది అబద్ధం కాదు, ఆయన్ని తప్పుపట్టినట్టూ ఉండదు. ఆ తర్వాత ఒక్కసారి నిదానంగా అడుగు, అక్కడ ఇంతకు ముందు ఎంత పెట్టాడో, ఎవరికైనా బాకీ ఉన్నాడో. విజయవాడలో ఉన్న మనిషి ఇంగ్లండ్‌లో చదువుకునే బామ్మర్దిని బెట్ పెట్టమని అడుగుతున్నాడంటే, అక్కడ దారులు మూసుకుపోయి కూడా మానలేకపోతున్నాడేమో అని నాకు అనుమానం. అదే అయితే మీ అక్కకి కూడా తెలియకపోవచ్చు. 14416 నంబరు, టెలి మానస్, మానసిక ఆరోగ్య సాయం కోసం, కేంద్ర ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా తీస్తారు. ఆ నంబరు ఆయనకి మెసేజ్‌లో పంపకు. ఫోన్ చేసి, మాటల్లో చెప్పు.